జువ్వలదిన్నె రాళ్ల కట్ట మీద నుంచి

నెల్లూరు నుంచి కావలి వైపు పోతూ హైవే దిగి, బిట్రగుంట మీదుగా తూర్పుకు తిరిగితే జువ్వలదిన్నె వస్తుంది. అక్కడి కొత్త ఫిషింగ్ హార్బర్ చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. నిజానికి హార్బర్ కన్నా, దానికి కాపుగా సముద్రంలోకి వేసిన రాళ్ల కట్టలు చూడాలన్నదే అసలు కోరిక. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను కోసుకుపోవడం చూశాక, తీరంలో ఎక్కడ రాయి పేర్చి ఉన్నా ఆగి చూడకుండా ముందుకు పోలేకపోతున్నాను.

దారి పొడవునా రొయ్యల గుంటలు, వాటిలో నురగలు కక్కుతూ తిరిగే ఏరియేటర్లు. బకింగ్‌హామ్ కాలువ దాటాక ఇసుక నేల మొదలైంది. హార్బర్‌లో బోట్లు, వలలు, ఐసు పెట్టెలు అన్నీ ఉన్నాయి కానీ నేను నేరుగా కట్ట దగ్గరికి పోయాను.

రాళ్ల మీద కూర్చుని చాలాసేపు అలలే చూశాను. అల వచ్చి పడగానే నీళ్లు సందుల్లోకి దూరిపోతాయి. లోపల బుడబుడమని చప్పుడు. కాసేపటికి ఎక్కడెక్కడి సందుల్లోంచో సన్నటి ధారలుగా బయటికి జారతాయి. అప్పటికి వాటిలో బలమేమీ మిగలదు. వంగి చూస్తే ఆ చీకటి సందుల్లో పీతలు, రాయిని పట్టుకున్న నత్తగుల్లలు కనిపించాయి. అల జోరును మింగేది ఈ ఖాళీలే. అందుకే ఇలాంటి కట్టలకు సిమెంటు పూసి నున్నగా చెయ్యరు. లోపల చిన్న రాయి, దాని మీద మధ్యరకం రాయి, అన్నిటికన్నా పైన అల కదపలేనంత బరువైన బండలు పేరుస్తారు. తీరం వెంబడి కట్టే గోడకైతే అడుగున గట్టి గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ కూడా పరుస్తారు. అది లేకపోతే వెనక్కి జారే నీళ్లు రాళ్ల కింది ఇసుకను కొంచెం కొంచెంగా లాగేస్తాయి, పైకి బాగున్న గోడ ఒకరోజు ఉన్నట్టుండి కుంగిపోతుంది.

నిటారుగా కట్టిన కాంక్రీటు గోడకు ఈ సందులు ఉండవు. కొట్టిన అల దాదాపు అదే జోరుతో వెనక్కి మళ్లుతుంది, పోతూ పోతూ గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది. పాదం లోతుగా దించకపోతే ఎంత మందం గోడైనా పడిపోక తప్పదు. గోడ నిలబడ్డా దాని ముందున్న బీచ్ నిలబడుతుందన్న నమ్మకం లేదు. గోడ కాపాడేది తన వెనకున్న రోడ్డును, ఇళ్లను. గోడ ఆగిపోయిన చోట, ఆ పక్కనున్న ఒడ్డుకు కోత మరింత పెరుగుతుంది.

కట్ట దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను పలకరించాను. "తాతా, ఇసుక ఎటు పోతుంది ఇక్కడ?" అని అడిగితే, తల ఎత్తకుండానే చెప్పాడు: "దక్షిణం గాలి తోలినన్నాళ్లు ఒంగోలు పక్కకి పోతా ఉంటాది నాయనా. వానల్లో తూర్పు గాలికి మళ్లా ఈ పక్కకి వస్తాది. పోయినంత మాత్రం రాదు."

మన తూర్పు తీరం సంగతంతా ఆ మూడు మాటల్లో ఉంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. దానికి అడ్డంగా కట్ట వేస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. చెన్నైలో 1870ల్లో హార్బర్ కట్టడం మొదలయ్యాక దక్షిణాన మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం తరిగిపోయి రాళ్లు పోసుకోవాల్సి వచ్చింది. పుదుచ్చేరిలోనూ హార్బర్ కట్టాక బీచ్ పోయి రాళ్ల గోడే మిగిలింది. తర్వాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ నీళ్లలో మునిగి ఉండే కృత్రిమ దిబ్బ ఒకటి దింపాక కొంత ఇసుక తిరిగొచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జువ్వలదిన్నె నుంచి అల్లూరు, విడవలూరు మీదుగా కిందికి వచ్చాను. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. ఈ తీరానికి ఇసుక పెట్టే తల్లి ఈ నదే. పైన 78 టీఎంసీల సోమశిల డ్యామ్ కట్టాక నదితో వచ్చే ఇసుకలో చాలాభాగం అక్కడే ఆగిపోతుంది. మిగిలినదాంట్లో కొంత లారీలకు ఎక్కుతోంది. సముద్రానికి రావాల్సిన ఇసుకను పైన ఆపేసి, ఒడ్డు కోసుకుపోతోందని కింద గోడ కట్టమనడం నాకు బాధగా అనిపిస్తుంది.

కోవూరు దగ్గర పెన్న దాటి, నెల్లూరు మీదుగా మైపాడు చేరేసరికి ఎండ తగ్గింది. అక్కడ జనం తక్కువగా ఉన్న వైపు నడిస్తే, ఊదారంగు పూల తీగ అల్లుకున్న ఇసుక దిబ్బలు, వాటి వెనక సరుగుడు తోటలు ఉన్నాయి. 1989 నవంబరులో కావలి దగ్గర ఒడ్డు దాటిన తుఫానును చూసిన ఒకామె అక్కడ కనిపించింది. దిబ్బ ఎత్తుగా ఉన్నచోట నీళ్లు లోపలికి రాలేదని, దిబ్బ తవ్వేసిన చోటి నుంచే వచ్చాయని చెప్పింది. పెద్ద అలలు వచ్చినప్పుడు దిబ్బ కొంత ఇసుకను వదులుతుంది, ఆ ఇసుక ఒడ్డు ముందు లోతు తగ్గించి తర్వాతి అలలను దూరంలోనే విరిచేస్తుంది. ప్రశాంతంగా ఉన్న నెలల్లో మళ్లీ పేరుకుంటుంది. ఈ పని రాయి చెయ్యలేదు.

ఇళ్లు అంచుకు వచ్చేసిన ఊళ్లకు రాళ్ల గోడ కావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ దిబ్బ మిగిలి ఉన్నచోట దాన్ని చదును చేసి రిసార్టు కట్టి, పదేళ్లకు గోడ అడగడం అన్యాయం. హార్బర్లు కట్టిన చోట కూడా చెయ్యదగ్గ పని ఒకటుంది. ముఖద్వారంలో పూడిన ఇసుకను తవ్వి లోతు సముద్రంలో పారబోయకుండా ఉత్తరం ఒడ్డున వెయ్యాలి. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు పోస్తూనే ఉన్నారు. జువ్వలదిన్నెలోనూ, రామాయపట్నం పోర్టులోనూ అది మొదటి ఏడాది నుంచే జరగాలి, ఉత్తరాన ఉన్న జాలరి పాలేల వాళ్లు దాని లెక్క అడగాలి.