బొటనవేలు దానంతట అదే ఎగిరింది

పోయిన వారం ఒక ల్యాబ్‌లో టీఎమ్ఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) పరిశోధనకి వాలంటీర్‌గా కూర్చున్నాను. పుర్రె తెరవకుండా, సూది గుచ్చకుండా, బయటి నుంచే అయస్కాంతంతో మెదడుని తట్టి చూసే పద్ధతి ఇది. ఎనిమిది అంకెలా ఉన్న కాయిల్‌ని తలకి ఎడమవైపు ఆనించారు, కుడి చేతికి స్టిక్కర్లలాంటి ఎలక్ట్రోడ్లు అంటించారు. కొంచెం టెన్షన్‌గానే ఉంది. టప్‌మని శబ్దం వచ్చింది, ఒళ్లో ఊరికే పడి ఉన్న చేతిలో బొటనవేలు ఎగిరిపడింది. నేను కదపలేదు!

1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా పెరిగి తగ్గితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు మెదడు పైపొరలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1980లో మెర్టన్, మార్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు నెత్తి మీద నేరుగా కరెంటు ఇచ్చి ఇదే చేసి చూపించారు గానీ, అది బాగా నొప్పి పెట్టేది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం అయస్కాంతంతో ఆ నొప్పి లేకుండా చేసింది.

మన దగ్గర టీఎమ్ఎస్ అంటే డిప్రెషన్ ట్రీట్‌మెంట్ అనే ఎక్కువమందికి తెలుసు. నాకు మాత్రం దాంతో జబ్బుని చదవడమే గొప్పగా అనిపిస్తుంది. తల దగ్గర తట్టిన సుమారు 20 మిల్లీసెకన్లకి చేతి కండరం నుంచి జవాబు వస్తుంది, స్క్రీన్ మీద చిన్న అలలా లేస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరాల తొడుగు దెబ్బతింటుంది కాబట్టి ఆ అల ఆలస్యంగా రావచ్చు. కండరాల్ని కదిలించే నరకణాలు మెల్లగా చచ్చిపోయే ఏఎల్ఎస్ జబ్బులో ఇంకో సంగతి: రెండు మిల్లీసెకన్ల తేడాతో ముందు చిన్నగా, తర్వాత గట్టిగా తడితే, మామూలు మెదడు రెండోదాన్ని అణిచేస్తుంది, ఏఎల్ఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ అణిచే శక్తి తగ్గిపోయి ఉంటుంది.

మూడేళ్ల క్రితం నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయినప్పుడు అమ్మ కనిపించిన ప్రతి డాక్టర్నీ ఒకటే అడిగేది, చెయ్యి మళ్లీ వస్తుందా అని. "చూద్దాం" అనేవాళ్లు. పైకి చెయ్యి కదలకపోయినా, మొదటి వారంలో ఇలా తట్టినప్పుడు ఆ అల కనిపిస్తే, మెదడు నుంచి చేతికి దారి ఇంకా తెగిపోలేదని అర్థం, కోలుకునే అవకాశం ఎక్కువ. కనిపించకపోతే అంతా అయిపోయినట్టు కాదు, అలా కోలుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంటికొచ్చి నాన్న కుడి చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఎలక్ట్రోడ్లు ఎక్కడ అంటించారో చూపించాను. బొటనవేలి కింద కండ, పలచబడిపోయింది. "నాక్కూడా చేస్తారంటావా?" అన్నారు. రేపు ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను.