మెట్ల లైటు యాండ్ గేటు అయిపోయింది

లాజిక్ గేట్లను, అంటే 0, 1లు తీసుకుని 0 గానీ 1 గానీ ఇచ్చే చిన్న సర్క్యూట్లను, నేను మొదట బట్టీ పట్టాను. రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే 1 ఇచ్చేది యాండ్, ఏదో ఒకటి 1 అయితే చాలనేది ఆర్, వచ్చినదాన్ని తిరగేసేది నాట్. పరీక్షకు అది సరిపోయింది. రెండూ వేరువేరుగా ఉంటేనే 1 ఇచ్చే ఎక్స్-ఆర్ దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేదాన్ని. రెండూ 1 అయితే 0 ఎందుకు రావాలి, అసలు అలాంటిది ఎవరికి పనికొస్తుంది అనిపించేది. మా మెట్ల లైటు రోజూ చేస్తున్న పని అదేనని తట్టలేదు.

ఆ లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. పైది వదులైపోయి నొక్కినప్పుడల్లా చిటపటమంటోంది. మార్చేద్దామని మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకుని, పాత స్విచ్ విప్పాను. మామూలు స్విచ్‌కి వెనక రెండు స్క్రూలుంటాయి, దీనికి మూడు. మూడు వైర్లూ ఒకే రంగు. ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోకుండా మూడూ ఊడదీశాను. తప్పంతా అక్కడే జరిగింది. కొత్త స్విచ్‌కి తోచిన వరసలో బిగించి మెయిన్ వేశాను.

లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను. కిందికి దిగి ఆర్పితే ఆరింది కూడా. మళ్లీ పైకెక్కి నొక్కితే వెలగలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. కింద స్విచ్ ఒక వైపు ఉంటేనే పైది పనిచేస్తోంది, రెండో వైపు ఉంటే చచ్చినట్టు పడి ఉంటోంది. "పాతదే నయం, చిటపటమన్నా వెలిగేది" అంది అమ్మ.

స్విచ్‌లో లోపం అనుకుని ఇంకోటి తేబోయి, ఎందుకో కాగితం తీసుకుని నాలుగు వరసలు రాశాను. స్విచ్ పైవైపు ఉంటే 1, కిందివైపు ఉంటే 0. రెండూ 0 అయితే ఆరి ఉంది. 0, 1 పెడితే ఆరే ఉంది. 1, 0 పెట్టినా అంతే. 1, 1 పెడితే వెలిగింది. ఆ పట్టికను చూస్తుంటే నవ్వొచ్చింది. నేను బట్టీ పట్టిన యాండ్ గేటే అది. స్విచ్‌లో ఏ లోపమూ లేదు, నేను బిగించిన గేటే వేరు!

టూ వే స్విచ్‌లో ఒక స్క్రూ కామన్. నొక్కినప్పుడు ఆ కామన్ మిగతా రెండింటిలో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంటుంది. కింద స్విచ్ కామన్‌కు ఫేజు వస్తుంది, పై స్విచ్ కామన్ నుంచి బల్బుకు వైరు పోతుంది, ఈ రెండింటి మధ్య ఒక జత వైర్లుంటాయి. రెండు స్విచ్‌లూ జతలోని ఒకే వైరును పట్టుకుంటే దారి కలిసి లైటు వెలుగుతుంది, చెరొకటి పట్టుకుంటే ఆరుతుంది. అందుకే ఎక్కడ నొక్కినా ఉన్న స్థితి తిరగబడుతుంది. నేనేం చేశానంటే, పైన కామన్‌కు జతలోని ఒక వైరును బిగించి, బల్బు వైరును పక్క స్క్రూకు పెట్టాను. ఇక పై స్విచ్ ఒక వైపుంటే ఆ వైరు బల్బుకు తగులుతుంది. రెండో వైపుంటే జత వైర్లు రెండూ ఒకదానికొకటి కలుస్తాయి తప్ప బల్బుకు ఏమీ అందదు.

మళ్లీ మెయిన్ ఆపి రెండు వైర్లు అటూ ఇటూ మార్చాను. ఐదు నిమిషాల పని. ఈసారి రెండు స్విచ్‌లూ ఒకే వైపుంటే వెలిగింది, వేరువేరు వైపులుంటే ఆరింది. కచ్చితంగా చెప్పాలంటే ఇది ఎక్స్-నార్, అంటే ఎక్స్-ఆర్‌ను తిరగేసినది. జత వైర్లను ఒక చివర తారుమారు చేస్తే అదే ఎక్స్-ఆర్ అవుతుంది. మెట్లెక్కేవాళ్లకు రెండూ ఒకటే.

ఆ తర్వాత ఇల్లంతా గేట్లే. మెయిన్ బోర్డులోని ఎంసీబీ, దాని తర్వాత గది స్విచ్: ఒకదాని వెనక ఒకటి, యాండ్. ముందు గుమ్మానికీ వెనక గుమ్మానికీ చెరో బటన్ ఉన్న కాలింగ్ బెల్: పక్కపక్కన, ఆర్. ఫ్రిజ్ తలుపు మూసుకుని బటన్‌ను నొక్కితే లోపలి లైటు ఆరుతుంది: నాట్.

గణితవేత్త జార్జ్ బూల్ 1854లో రాసిన తర్కపు బీజగణితం స్విచ్‌లకు అతుకుతుందని క్లాడ్ షానన్ అనే విద్యార్థి 1937లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన మాస్టర్స్ థీసిస్‌లో చూపించాడు. అదే ఏడాది జార్జ్ స్టిబిట్జ్ అనే పరిశోధకుడు తన వంటగది బల్ల మీద రిలేలు (కరెంటే నొక్కే స్విచ్‌లు), బ్యాటరీలు, చిన్న బల్బులతో కూడికలు చేసే సర్క్యూట్ తయారుచేశాడు. అది చదివాక నేనూ బ్యాటరీ, టార్చి బల్బులు ముందేసుకున్నాను. ఒక్క నొక్కుకు రెండు కాంటాక్టులు కదిలే స్విచ్‌లు రెండు. ఒక జత కాంటాక్టులతో ఎక్స్-ఆర్, రెండో జతతో యాండ్. రెండు స్విచ్‌లూ వేస్తే మొదటి బల్బు ఆరి రెండోది వెలిగింది. 0, 1 తప్ప వేరే అంకెల్లేని బైనరీ లెక్కలో 1కి 1 కలిపితే 0 వేసి 1 చేతిలో ఉంచుకోవడమే అది.

ఇంకో అంకె కలపబోతే ఆగిపోయాను. చేతిలో ఉంచుకున్న ఆ 1 వెళ్లి తర్వాతి స్విచ్‌ను నొక్కాలి. వెలిగిన బల్బుకు వేలు లేదు కదా. రిలేలో ఆ వేలి పని విద్యుదయస్కాంతం చేస్తుంది, చిప్‌లో ట్రాన్సిస్టర్ ఏదీ కదలకుండానే చేస్తుంది. ఒక గేటు ఇంకో గేటును నడిపేది అలాగే. నా బల్ల మీద మాత్రం బల్బును చూసి నేనే నొక్కాను.

మెట్ల లైటు ఇప్పుడు బాగానే ఉంది. "కొత్త స్విచ్‌కి ఆన్ ఎటువైపు?" అని అమ్మ అడిగింది. "కింద స్విచ్ ఎటుందో చూసి చెప్తా" అన్నాను.