మోడులో పచ్చదనం ఎక్కడిదాకా ఉంది

ఫిబ్రవరి 9, సోమవారం. ఉదయం ఏడున్నర, మేడ మీద.

హైదరాబాదులో చలి తగ్గుముఖం పట్టింది. పాలకూర కోతకొచ్చింది, టమాటాలు రంగు తిరుగుతున్నాయి. పన్నెండంగుళాల కుండీలోని కరివేపాకు మాత్రం సంక్రాంతి నుంచీ మోడుగానే ఉంది. ఒక్క రెబ్బ లేదు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఎన్నో ఇళ్ళ కరివేపాకు మొక్కలు చెత్తబండి ఎక్కుతాయి. వాటిలో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది. అది తలచుకుంటే బాధేస్తుంది.

మొక్క ఉందో పోయిందో ఆకుల్ని చూసి చెప్పలేం. కరివేపాకుకు చలి గిట్టదు. రాత్రిళ్ళు చల్లబడితే పసుపెక్కి ఆకు రాలుస్తుంది, ఎదగడం ఆపేస్తుంది. అడగాల్సింది బెరడుని. కొమ్మ చివర గోటితో అర అంగుళం మేర పైపొర మాత్రం గీకాలి. లోపల తడిగా, లేతపచ్చగా కనిపిస్తే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే నాలుగంగుళాలు కిందికి దిగి మళ్ళీ గీకాలి. అలా మొదలు దాకా. ఇవాళ ఈ మోడు పై జానెడు పుల్ల ఎండిపోయింది, విరిస్తే టక్కుమంది. దాని కింద పచ్చ తగిలింది. ఆ పచ్చ మొదలైన చోట పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే చాలు. ఎండిన భాగాన్ని అలాగే వదిలేస్తే ఎండు కిందికి పాకుతుంది.

మొదలు దగ్గర కూడా గోధుమరంగే వస్తే వేళ్ళు చూడాలి. కుండీని పక్కకు వాల్చి, అంచు తట్టి, మట్టిగడ్డను మెల్లగా బయటికి లాగాలి. తెల్లగానో లేత గోధుమరంగులోనో, గట్టిగా ఉన్న వేరు కనిపిస్తే మొదట్లోంచి పిలక వచ్చే అవకాశం ఉంది, మార్చి చివరి దాకా ఆగవచ్చు. వేరు నల్లబడి, చేతివేళ్ళ మధ్య నలిపితే తోలు జారిపోయి, మురుగువాసన వస్తుంటే అది అయిపోయినట్టే. ఆ మట్టికి ఇంకో నెల నీళ్ళు పోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. కుండీ కడిగి ఎండలో పెట్టి, కొత్త మొక్క తెచ్చుకోవడమే మంచిది.

బతికున్న మోడుని చంపేది మాత్రం ఎక్కువగా మన ఆదుర్దానే. ఆకు లేని మొక్క నీళ్ళు తాగడం చాలా తక్కువ. అయినా పాపం ఎండిపోయిందని రోజూ చెంబుడు పోస్తారు. మట్టి ఆరదు, వేరుకు గాలి అందదు, కుళ్ళు మొదలవుతుంది. ఇంకొందరు గుప్పెడు యూరియా వేస్తారు, ఆ ఘాటుకు నిద్రపోతున్న వేళ్ళు మాడిపోతాయి. ఈ నెలంతా చేయాల్సిన పని చాలా కొంచెం: వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్ళు. కనీసం ఐదారు గంటల ఎండ. అడుగు రంధ్రాలు పెంకులతోనో వేళ్ళతోనో మూసుకుపోయాయేమో ఒకసారి చూడటం. చిగురు రెండంగుళాలు సాగేదాకా ఎరువు వద్దు. సాగాక రెండు గుప్పెళ్ళ మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి పైమట్టిలో కలపాలి.

పుల్లమజ్జిగ గురించి అందరూ చెబుతారు. మంచిదే, గ్లాసు మజ్జిగకు పది గ్లాసుల నీళ్ళు, పదిహేను రోజులకోసారి, అదీ ఆకులున్న మొక్కకు. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. దానికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి, వారం ఆగి ఇంకోసారి.

మంగళగిరి చుట్టుపక్కల పొలాల్లో కరివేపాకును కొడవలితో కొమ్మలకు కొమ్మలే కోసేస్తారు. మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ కోతకొస్తుంది. వేరులో బలముంటే ఈ మొక్కకు కోత ఒక లెక్క కాదు. ఇంట్లో మనం భయపడి ఆకు ఆకూ గిల్లుతాం, దాంతో ఒంటికాడగా పొడుగు సాగుతుంది. అడుగు ఎత్తు దాటగానే తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. కూరకు కోసేటప్పుడూ చివరి రెబ్బలతో సహా కొమ్మ కొసనే తీయాలి.

గింజతో మొదలుపెట్టేవాళ్ళకు వేరే ఓపిక కావాలి. నల్లగా పండిన కాయ గుజ్జు తీసి, నాలుగైదు రోజుల్లోపే అర అంగుళం లోతులో నాటితే మొలుస్తుంది. మొదటి ఏడాది జానెడు పెరిగినా బాగానే పెరిగినట్టు. ఎండిపోయిన పాత గింజ నాటి నెలల తరబడి ఎదురుచూస్తే మాత్రం ఆ ఓపిక వృథా.

అమెరికా చలి రాష్ట్రాల్లోని మన వాళ్ళు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే కుండీని లోపలికి తెచ్చుకుంటారు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దీని మీదా బతుకుతుంది కాబట్టి అక్కడ కొన్ని రాష్ట్రాల మధ్య మొక్కను ఇష్టం వచ్చినట్టు పంపడం కుదరదు. అందుకే ఒక్క మొక్కనే ఏళ్ళ తరబడి కాపాడుకుంటారు. కిటికీ పక్కన అది ఆకు రాల్చినప్పుడు చేయాల్సిందీ ఇదే గోటి పరీక్ష.

ఇవాళ కత్తిరించిన చోటికి మూడంగుళాల కింద, పాత ఆకు రాలిన మచ్చ పైన, ఆవగింజలో సగం ఉన్న బొడిపె కనిపించింది. ముదురు ఎరుపు, కొసన కాస్త మెరుపు. నిన్నటిదాకా ఎండుపుల్ల నీడలో ఉండిపోయిందేమో. ముట్టుకోలేదు, ఇప్పుడు గోరు తగిలినా రాలిపోతుంది. మట్టి రెండో కణుపు దగ్గర ఇంకా తడిగానే ఉంది. నీళ్ళు గురువారం చూడాలి.