పెత్రమాస, హిగాన్, నడుమ మా ఆఫీసు సెలవులు

హన్మకొండలో కూర్చుని జపాన్ క్లయింట్‌కి పనిచేస్తున్నాను కాబట్టి మన క్యాలెండర్‌తో పాటు వాళ్లది కూడా చూసుకోక తప్పదు. ఏడాదికి 16 జాతీయ సెలవులు వాళ్లకి. సముద్రానికి ఒకటి, కొండలకి ఒకటి (ఇది 2016లోనే మొదలైంది), ముసలివాళ్లకి ఒకటి. నాకు బాగా నచ్చినవి మాత్రం పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకి ఇచ్చే రెండు సెలవులు, ఒకటి మార్చిలో, ఇంకోటి సెప్టెంబర్‌లో.

ఈ రెండిటికీ చట్టంలో తేదీ ఉండదు. అక్కడి జాతీయ ఖగోళ పరిశోధనశాల లెక్కగట్టి ఇస్తే, ముందు ఏడాది ఫిబ్రవరి మొదట్లో సర్కారు గెజిట్‌లో వేస్తుంది, ఇక దానిమీద వాదన లేదు. ఇక్కడేమో సద్దుల బతుకమ్మ ఏ రోజో తేలక అయ్యగార్లు ఒక మాట, పంచాంగం ఒక మాట, వాట్సాప్ గ్రూపులు ఇంకో మాట, పుట్టింటికొచ్చే ఆడబిడ్డలకి బస్సు టికెట్ల టెన్షన్.

యుద్ధానికి ముందు ఆ రెండు రోజుల్లో చక్రవర్తి వంశపు పూర్వీకులకి పూజలు జరిగేవి, సెలవు పేరూ ఆ పూజదే. 1948 చట్టం ఆ పేరు తీసేసి, మార్చిది ప్రకృతిని, జీవరాశిని ప్రేమించే రోజని, సెప్టెంబర్‌ది పూర్వీకుల్ని గౌరవించి పోయినవాళ్లని తలుచుకునే రోజని రాసింది. పేరు మారినా జనం చేసేది మారలేదు. పగలూ రాత్రీ సమానమయ్యే ఆ రోజుకి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, మొత్తం వారం హిగాన్. ఇంటిల్లిపాదీ సమాధుల దగ్గరికి పోతారు, బకెట్టూ పొడుగు కాడ గరిటే చాలాచోట్ల అక్కడే ఉంటాయి, వాటితో రాయి మీద నీళ్లు పోసి, నాచు రుద్ది, కలుపు పీకి, అగరుబత్తి వెలిగిస్తారు. తర్వాత ఒహగి తింటారు, అదొక పూర్ణం బూరెను తిరగేసినట్టుంటుంది, బంక బియ్యం ముద్ద లోపల, తీపి ఎర్రచిక్కుడు ముద్ద పైన.

"వాళ్లు గూడ పెద్దలకు పెడ్తరా?" అని మా అమ్మకి ఒకటే ఆశ్చర్యం.

2025లో మన పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, సెప్టెంబర్ 21న, సరిగ్గా వాళ్ల హిగాన్ వారంలోనే పడింది. పొద్దున చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, బీరకాయ పెట్టి అయ్యగారికి ఇస్తుంటే ఆయన మూడు తరాల పేర్లు అడుగుతాడు, తాత పేరు దాకా టకటకా చెప్తాం, ముత్తాత దగ్గర నాన్న చిన్నాన్నకి ఫోన్ కొడతాడు. ఆ పూట అయిపోగానే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, వేయిస్తంభాల గుడి దగ్గర నిలబడే చోటు దొరకదు.

నాకు విచిత్రంగా అనిపించేది ఇదే. జపాన్‌లో ఆ వారమే ఎర్రగా విరగబూసే పువ్వు ఒకటుంది, హిగాన్‌బన. ఆకు లేకుండా నేలలోంచి కాడ ఒక్కటే లేచి పైన పూస్తుంది. గడ్డ విషం, అందుకే ఎలుకలు, నేలలో బొరియలు చేసే జంతువులు తవ్వకుండా పొలం గట్ల మీద, సమాధుల దగ్గర నాటేవాళ్లు. దాన్ని ఇంటికి తెస్తే ఇల్లు తగలబడుతుందని పాతవాళ్ల నమ్మకం. పోయినవాళ్ల పువ్వు గడప దాటి లోపలికి రాకూడదన్నమాట. మనదగ్గర పొలంలో కలుపు అని తిట్టుకునే గునుగుని సంచులకొద్దీ కోసుకొచ్చి, కొసలకి రంగులద్ది, తంగేడుతో కలిపి బతుకమ్మగా పేర్చి, పొద్దున పెద్దలకి బియ్యమిచ్చిన ఇంట్లోంచే సాయంత్రం ఎత్తుకుపోతాం. మైల, పండుగ అని పూలని వేరుచేసే ఆలోచనే లేదు. నాకు మన పద్ధతే ఇష్టం, పక్షపాతం అనుకున్నా సరే. సమాధి శుభ్రం చేసే ఓపిక మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి, మా ఊరి బొందలగడ్డ తుమ్మచెట్లు చూస్తే మీకే అర్థమవుతుంది.

2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, పెత్రమాస అక్టోబర్ 10కి జరిగింది. జపాన్ వాళ్లకేమో సెప్టెంబర్ 19 శనివారం నుంచి 23 దాకా వరసగా ఐదు రోజులు సెలవు, రెండు సెలవుల నడుమ చిక్కిన మంగళవారాన్ని కూడా చట్టమే సెలవు చేసేసింది. క్లయింట్ సెలవులు అప్పుడే అయిపోతాయి కాబట్టి సద్దులకి లీవు నేనే అడుక్కోవాలి.