ములాఖత్‌కి వెళ్లే ముందు వాడి వయసు చూడండి

ఫ్రెండ్‌ని పోలీసులు పట్టుకెళ్లారని తెలియగానే ఇంటర్ పిల్లలు ములాఖత్‌కని, అంటే జైల్లో వాణ్ని కలవాలని, నేరుగా హైదరాబాద్ చంచల్‌గూడ జైలు గేటుకి బయల్దేరతారు. కాస్త ఆగండి. ముందు వాడి పుట్టినతేదీ కనుక్కోండి. నేరం జరిగిందంటున్న రోజుకి వాడికి 18 నిండకపోతే అసలు జైల్లో ఉండకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం లాకప్‌నీ, జైలునీ రెండింటినీ వద్దంది. పట్టుకున్నాక ప్రయాణం పోను 24 గంటల్లో పిల్లల కేసులు వినే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి. బెయిల్ రాకపోతే ఉంచేది అబ్జర్వేషన్ హోమ్‌లో, అంటే కేసు నడుస్తుండగా పిల్లల్ని ఉంచే వసతిలో. సిటీలో అబ్బాయిల హోమ్ సైదాబాద్‌లో ఉంది, చంచల్‌గూడకి దగ్గరే.

పదిహేడేళ్లవాడు జైల్లో ఉన్నాడంటే మొదట అనుమానించాల్సింది కాగితాల్లో పడ్డ వయసుని. భయంలో వాడు ఒకటి చెప్తాడు, అదే రాసుకుంటారు. లేదా ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉంటుంది. ఇక్కడ ఫ్రెండ్స్ చేయగలిగిన సాయం ములాఖత్ కన్నా పెద్దది: వాడి పదో తరగతి మెమో వెతికించి లాయర్ చేతికి చేర్చడం. చట్టంలోని 94వ సెక్షన్ ముందు చూడమన్నది స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి పరీక్షల బోర్డు మెమో. అవి లేకపోతేనే మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఈ వరసలో ఆధార్ పేరే లేదు. మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా చెప్పుకోవచ్చు, కేసు తేలిపోయాక కూడా. ఆలస్యమైందని ఊరుకోవద్దు. లాయర్‌కి డబ్బు లేదంటారా? పిల్లలకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

వాడికి 18 నిండితే ములాఖత్. ఏ జైలో ముందే తేల్చుకోండి. చంచల్‌గూడ ఒక మూల, చర్లపల్లి ఇంకో మూల. రిమాండ్ ఏ జైలుకి రాశారో పోలీస్ స్టేషన్‌లోగానీ లాయర్ దగ్గరగానీ తెలుస్తుంది. పూర్తి పేరు, తండ్రి పేరు, స్టేషన్, క్రైమ్ నంబర్ (ఎఫ్ఐఆర్ నంబర్) ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే పేరువాళ్లు చాలామంది ఉంటారు, తండ్రి పేరు లేకుండా వెతకడం కష్టం. మీకు 18 లేకపోతే ఒంటరిగా వెళ్లకండి, వాళ్లమ్మనో నాన్ననో వెంటబెట్టుకోండి. అందరి ఒరిజినల్ ఐడీలూ ఉండాలి. ఫోన్ లోపలికి రాదు, నంబర్లు కాగితం మీదే రాసుకోండి.

జైళ్ల కోసం కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి, 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం తనని కలవడానికి ఎవరెవరు వస్తారో ఖైదీయే పేర్లు ఇవ్వాలి, ఒకసారికి మామూలుగా ముగ్గురికి మించి పంపరు. కాబట్టి ఐదుగురు స్నేహితులు ఒకేసారి వెళ్తే ఇద్దరు గేటు దగ్గరే ఆగిపోతారు. ముందు అమ్మానాన్నల్ని వెళ్లనివ్వండి. మీ పేరు రాయించమని వాళ్ల చేతే చెప్పించండి. వెళ్లలేనివాళ్లకి ఈ-ములాఖత్ వీడియో ఉంది, జైళ్ల వెబ్‌సైట్ ఈప్రిజన్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి.

లోపల కేసు మాట్లాడకండి. ‘ఆ రోజు నిజంగా ఏం జరిగిందిరా’ అని అసలు అడగొద్దు. పక్కన సిబ్బంది వింటారు. వాళ్లకి వినపడకుండా మాట్లాడుకునే వీలు లాయర్‌కే ఉంటుంది.

ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో వాడి ఫొటో పెట్టి ‘రిలీజ్ చేయండి’ అనడం ప్రేమతోనే చేస్తారు. కానీ మైనర్ అయితే వాడి పేరు, ఫొటో, స్కూలు బయటపెట్టడమే నేరం: 6 నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ములాఖత్ టైము తక్కువ. అమ్మ ఆరోగ్యం, కాలేజీ, పరీక్ష ఫీజు గురించి చెప్పండి. పరీక్షలు దగ్గరపడితే హాల్ టికెట్ తీసి లాయర్‌కి ఇవ్వండి, రాయనివ్వమని కోర్టులో ముందే పిటిషన్ వేయాలి. తర్వాతి వాయిదా ఎప్పుడో అడిగి, ఆ కాగితం వెనకే రాసుకుని రండి.