దీన్ని వీణ అనకు

"అమ్మా, దీన్ని వీణ అని మాత్రం ఎవరికీ చెప్పకు."

మావాడు ఈ మాట ఇంగ్లీషులోనే అన్నాడు. అందులో 'వీణ' ఒక్కటే తెలుగు. ఇద్దరం గ్యారేజీలో నేల మీద కూర్చుని ఉన్నాం. మధ్యలో వాడు చిన్నప్పుడు పడుకున్న బంక్ బెడ్ తాలూకు పక్కచెక్క, దానికి ఆరు తీగలు. వారం రోజులుగా ఫోన్లో కనబడ్డ ప్రతివాళ్లకీ "మావాడు వీణ చేస్తున్నాడు" అని చెప్పుకుంటున్నానని వాడికి తెలిసిపోయింది.

చేస్తున్నది ల్యాప్ స్టీల్ గిటార్. ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో తీగల మీద ఒక లోహపు కడ్డీని జారుస్తూ వాయించేది. వీణ కాదని నాకు తెలీదా? తెలుసు. కానీ ల్యాప్ స్టీల్ అంటే అవతలివాళ్లు "అంటే?" అంటారు. వీణ అంటే "అబ్బ!" అంటారు. నాకు ఆ "అబ్బ" కావాలి. పదమూడేళ్ల పిల్లాడి ముందు ఈ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "వాళ్లకి అర్థమవుతుందని అలా అన్నానురా" అని తప్పించుకున్నాను.

ఆరేళ్లు వీణ నేర్చుకున్నదాన్ని. ఇటు వచ్చేటప్పుడు దాన్ని అక్క దగ్గర పెట్టి "వచ్చేసారి తీసుకెళ్తా" అన్నాను. పదహారేళ్లయింది. వెళ్లిన ప్రతిసారీ సూట్‌కేసులో చోటుకి ఇంకేదో పోటీకొచ్చింది, అది గెలిచింది. వెంట తెచ్చుకున్నది మాత్రం ఒక వీణ తీగల ప్యాకెట్. వీణ అక్కడ, తీగలు ఇక్కడ. ఇల్లు మారినప్పుడల్లా ఆ ప్యాకెట్‌ని మాత్రం జాగ్రత్తగా సర్దాను.

తర్వాత అందరమూ చేసే పనే చేశాను. నేను వదిలేసింది వాడి నెత్తిన పెట్టాను. మూడేళ్లు ఆన్‌లైన్లో గాత్రం క్లాసు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చాడు. ఒకరోజు కెమెరా ఆపేసి వచ్చి, "ఇది నాకోసం కాదు, నీకోసం చేస్తున్నా" అన్నాడు. "సరే, నీ ఇష్టం" అన్నాను, ఉదారంగా. నెల తిరక్కుండా వాడికి చెప్పకుండా మళ్లీ ఫీజు కట్టాను. ఆ క్లాసుకి ఎవరూ వెళ్లలేదు. ఆ సంగతి మా ఆయనకి ఇది చదివితేనే తెలుస్తుంది.

కాబట్టి తెలిసినవాళ్లు పారేస్తున్న ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి వాడు ఇంటికి మోసుకొస్తే నేను పెద్దగా సంతోషించలేదు. మెడ విరిగి ఉంది. వాడికి కావలసింది గిటార్ కాదు, దాని లోపలి అవయవాలు: తీగలు బిగించే ఆరు ట్యూనర్లు, తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ ఒకటి, వాల్యూమ్ తిప్పే పాట్, కేబుల్ దూర్చే జాక్. మిగతాది చెక్కే కదా అన్నాడు. నిజమే. ల్యాప్ స్టీల్‌కి గిటార్ లాంటి సన్నని మెడ అక్కర్లేదు, చేత్తో చుట్టి పట్టుకునేది లేదు గనక. బోలు కడుపూ అక్కర్లేదు, ధ్వని పికప్ నుంచి వస్తుంది గనక. ఒంగని చెక్క ఒకటి ఉంటే చాలు. 1932లో అమ్మకానికొచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి రికెన్‌బ్యాకర్ కంపెనీవాళ్ల అల్యూమినియం ల్యాప్ స్టీలే. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి కాడ. జనం దాన్ని 'పెనం' అని పిలిచారు. మనది అట్లకాడ అవుతుందన్నాను. వాడు నవ్వలేదు.

ఒంగకపోవడం అంత తేలిక కాదు. ఆరు ఉక్కు తీగలు బిగిస్తే యాభై కిలోల దాకా లాగుతాయి. అందుకే అలమర అడుగుచెక్క, పాత డ్రాయర్ ముఖం రెండూ వద్దనుకుని, మంచం పక్కచెక్క తీశాం. వాడిని పదేళ్లు మోసిన చెక్క. తలవైపు ట్యూనర్లు పెట్టబోతే చెక్క మందం ఎక్కువై వాటి కాళ్లు పైకి తేలలేదు. ఆ చివర అరంగుళం మిగిలేదాకా రుద్దడానికి రెండు వారాంతాలు పట్టింది. తీగలు మొదలయ్యే చోట వాటిని ఎత్తి పట్టే పట్టీకి (గిటార్ భాషలో నట్) బదులు లావుపాటి బోల్టు పెట్టాం. దాని మరల మధ్య తీగ చక్కగా కూర్చుంటుంది. పైగా తీగలు చెక్కకి బాగా ఎత్తులో ఉండాలి, లేకపోతే కడ్డీ కిందకి తగులుతుంది. అవతలి చివర పాత కిటికీ ఫ్రేము నుంచి కోసిన అల్యూమినియం కోణం.

"దాన్ని మేము గుర్రం అంటాం" అన్నాను.

"గుర్రమా? హార్స్?"

"వీణలో తీగల్ని మోసేది గుర్రమే."

ఆ మాట వాడికి తెగ నచ్చింది. మూడేళ్ల క్లాసులో ఒక్క మాటా వాడి నోట్లో నిలవలేదు, ఇది నిలిచింది. నేను అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ట్యూనర్లని బిరడాలు అనమన్నాను, బోల్టుని మేరువు అనమన్నాను. మూడోదానికి వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

కడ్డీగా స్పానర్ సెట్లోని పొడుగాటి సాకెట్ ఒకటి వాడుకున్నాం. ఆ సందర్భంలోనే వాడు జోసెఫ్ కెకుకు కథ చెప్పాడు. హవాయిలో 1874లో పుట్టినవాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు రైలు పట్టాల మీద దొరికిన బోల్టు గిటార్ తీగలకి తగిలి ఆ జారుడు నాదం విన్నాడని, దాంతోనే ఈ పద్ధతి పుట్టిందని చెబుతారు. 1904లో వాయిద్యం పట్టుకుని హవాయి దాటి వెళ్లినవాడు 1932లో న్యూజెర్సీలో పోయాడు. "తిరిగి వెళ్లలేదా?" అన్నాను. "లేదు" అన్నాడు, సాండ్‌పేపర్ మడుస్తూ. వాడికి అదొక వివరం, అంతే. నేను ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను.

మర్నాడు నా వంతు. అదే కాలంలో హవాయిలో గాబ్రియెల్ డేవియన్ అనే అతను కూడా తీగల మీద జార్చి వాయించేవాడని, అతను పుట్టింది ఇండియాలోనని కొందరు అంటారని చదివి, పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. "చూశావా, మనవాడే!"

"మనవాడు ఎలా అయ్యాడు? నీకు తెలుసా అతను?"

గోటువాద్యం వీడియో చూపించాను. మెట్లు లేని వీణ, కొయ్య కడ్డీని తీగల మీద జార్చి వాయిస్తారు, చిత్రవీణ అనీ అంటారు. వాడు మొదటి రెండు నిమిషాలూ కన్నార్పకుండా చూశాడు. అంతలో నేను "ఇది మనకి ఎప్పట్నించో ఉంది" అన్నాను. ఫోన్ నా చేతిలో పెట్టి లేచిపోయాడు. ఆ ఒక్క వాక్యం అనకుండా ఉండుంటే మొత్తం చూసేవాడు.

చెక్క మీద స్వరస్థానాల గీతలు గీసే బాధ్యత నేను తీసుకున్నాను, లెక్కల మనిషిని కాబట్టి. నట్ నుంచి గుర్రం దాకా ఇరవై రెండున్నర అంగుళాలు. మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తూ పోతే గీతలు పడతాయి, పన్నెండోది సరిగ్గా సగానికి రావాలి. నేను ప్రతి గీత దగ్గరా మిల్లీమీటరు కన్నా చిన్న ముక్కని వదిలేస్తూ పోయాను. పన్నెండోదానికి దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఆ చోట అది అపశ్రుతి, చెవికి తెలిసిపోతుంది. వాడు తీగని సగం దగ్గర వేలితో తాకీ తాకనట్టు తాకి, మీటి, వేలు తీసేశాడు. పైస్థాయి స్వరం గంటలా మోగింది. అది మోగిన చోటు, నా గీత ఉన్న చోటు ఒకటి కాదు. ఆ గీత మీద చిన్న ఇంటూ మార్కు పెట్టాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆంప్‌కి, అంటే ధ్వని పెంచే పెట్టెకి, తగిలిస్తే ఒకటే హోరు. జాక్ లోహం ముట్టుకుంటే తగ్గుతోంది, తీగలు ముట్టుకుంటే తగ్గట్లేదు. అంటే తీగలకి ఎర్త్ లేదు. గుర్రం కింద నుంచి ఒక వైరు లాగి పాట్ వీపుకి సోల్డర్ చేశాం. నా ఉద్యోగం పనికొచ్చిన ఏకైక ఘట్టం అది.

శ్రుతి చేసేటప్పుడు వాడు ఓపెన్ జి అన్నాడు: డి, జి, డి, జి, బి, డి. నేను మనసులో జి ని షడ్జం చేసుకుని చూశాను. ప స ప స గ ప! అరిచేశాను. వాడు ట్యూనర్ తిప్పుతూనే, "ఓకే. కానీ నాకు డి జి డి జి బి డి" అన్నాడు. తీగలకి ఇద్దరి మాటా ఒకటే కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం అంటే ఆ రోజుకి.

ఎందుకంటే ఆ రాత్రే నేను అసలు పని చేశాను. అందరూ పడుకున్నాక నా ప్యాకెట్ తీసి, మూడో తీగ విప్పేసి, అక్కడ వీణ తాలూకు ఇత్తడి తీగ ఒకటి కట్టాను. దొంగలా. ఏమనుకున్నానో నాకే తెలీదు. వాడికి చెప్పకుండా అందులో ఒక తీగంత వీణ ఉంటుందనా? మీటితే ఆంప్‌లోంచి ఏమీ రాలేదు. చెక్క దగ్గర చెవి పెడితే సన్నగా వినబడుతోంది, అంతే. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి తీగ. పైన ఉక్కు కదిలితేనే దానికి వినబడుతుంది. ఇత్తడి దాని లెక్కలో లేదు. ఇంజనీర్ని, నాకు ఇది గుర్తుండాలి. ఇక్కడ పోలిక ఒకటి వచ్చి నా చెయ్యి పట్టుకు లాగుతోంది. రానివ్వను.

పాత తీగ మళ్లీ కట్టబోతే ట్యూనర్ దగ్గర తెగింది. పొద్దున వాడు చూసి, కోప్పడలేదు. "ఎందుకమ్మా?" అన్నాడు, తెలుగులో. జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రానికి కొత్త తీగ కట్టుకున్నాడు. నా ప్యాకెట్ మరలు దాచుకునే డబ్బాలో కనిపించింది, పైన మార్కర్‌తో ఇంగ్లీషులో రాసి ఉంది: "అమ్మవి. మోగవు."

ఇలాంటివి రాసేటప్పుడు చివర్లో సలహా ఇస్తే బాగుంటుందని అనుకున్నాను. పిల్లలకి భాష పాఠంగా చెప్పకండి, చేతికి పని ఇవ్వండి, మాటలు వాటంతటవే వస్తాయి అని. మావాడికి ఇప్పుడు బిగించు, వదులు చెయ్యి, కొంచెం పట్టుకో, ఇంకా పైకి, చాలు చాలు అన్నీ వచ్చు. కానీ అవి తెలుగు అనుకోవాలా, చెక్క పట్టుకునే రెండో మనిషి కావాల్సి వచ్చినప్పుడు అమ్మ మీద వాడే ఆజ్ఞలు అనుకోవాలా? చెక్క పని అయిపోయింది. వారం నుంచి ఆ మాటలు కూడా వినబడట్లేదు.

నిన్న అక్క వీడియోలో ఉన్నప్పుడు వాడు అటుగా వచ్చాడు. ఒట్టు, నేనేమీ అనలేదు. అక్కే "ఏదీ, చూపించరా" అంది. ఒళ్లో పెట్టుకుని రెండు వరసలు వాయించాడు.

"గోటువాద్యంలా ఉందే!" అంది అక్క.

నేను ఊపిరి బిగబట్టాను. "కొంచెం అలాగే, పెద్దమ్మా" అన్నాడు వాడు. నేనంటే లేచిపోయిన మాటే అది.

"మూడోది కాస్త దిగింది చూడు."

వాడు మీటి, చెవి వంచి, తిప్పాడు.

"ఇంకొంచెం."

తిప్పాడు.

"అరే, ఎక్కువైంది. కొద్దిగా వదులు చెయ్యి."

నోరు తెరవకుండా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి లాగుతోంది. మార్చుకుంటే కెమెరా కదులుతుందని మార్చుకోలేదు.