మైనపు విష్ణుమూర్తి: ఏడో వారం

లోహంలో పోత పోయడానికి మైనంతో చేస్తున్న విష్ణుమూర్తికి ముందువైపు ఎడమ చెయ్యి ఎట్టకేలకు కుదిరింది. మూడుసార్లు చేసి మూడుసార్లూ తీసేశాను. తుంటి మీద అలా ఆన్చినట్టు ఉండాల్సిన చెయ్యి, ప్రతిసారీ నడుముకి అతుక్కుపోయినట్టు వచ్చేది. ఆదివారం మళ్లీ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి (శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి), కంచు విగ్రహాల దగ్గర గంటన్నర నిలబడి ఒక్క చేతులే గీసుకున్నాను. అరచెయ్యి తుంటికి తాకుతుంది కానీ బరువు మోపదు, మోచేతికీ నడుముకీ మధ్య సందులోంచి వెనక గోడ కనిపిస్తుంది. ఆ సందు పూడిందంటే స్వామి బండగా కనిపిస్తాడు. నా తప్పు అక్కడే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మైనం సంగతి చెప్పాలి. నేను మార్చిలో ఉత్త తేనెమైనంతో మొదలుపెట్టాను. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గదిలోకి వెళ్లి చూస్తే చక్రం పట్టిన చెయ్యి భుజం నుంచి జారి వేలాడుతోంది, చాలా బాధేసింది. తమిళనాడులోని స్వామిమలైలో విగ్రహాలు పోసే శిల్పులు, అంటే స్థపతులు, మైనంలో గుగ్గిలం, కాస్త వేరుశనగ నూనె ఎందుకు కలుపుతారో ఆ రోజు అర్థమైంది. గుగ్గిలం బిగువునిస్తుంది, నూనె పెళుసుదనం తగ్గిస్తుంది. బేగంబజార్‌లో గుగ్గిలం కొని, దంచి, 4 పాళ్లు మైనానికి 3 పాళ్లు గుగ్గిలం, అర పాలు నూనె చొప్పున కలిపాను. వేడినీళ్ల గిన్నెలో పెడితే గుగ్గిలం సరిగా కరగలేదు, బాగా సన్నసెగ మీద పెట్టి, కిటికీలు తీసి, పక్కనే ఉండి కలుపుతూ కరిగించాల్సి వచ్చింది. తర్వాత పాత నూలుగుడ్డలో వడకట్టి చల్లటి నీళ్లలోకి పోశాను. ఈ మిశ్రమం మే ఎండలకీ నిలబడింది.

కొలత శిల్పశాస్త్రంలోని ఉత్తమ దశతాళం, అంటే ఎత్తు కిరీటం కాకుండా 124 అంగుళాలు. ఇవి మన ఇంచీలు కావు, బొమ్మ ఎత్తును బట్టి మారే శిల్పుల అంగుళాలు. నేను ఎత్తు 248 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను కాబట్టి ఒక్కో అంగుళం సరిగ్గా 2 మిల్లీమీటర్లు. స్థపతుల్లాగే కొబ్బరాకు ఈనె తీసేసి, పొడవుకి కోసి, మడతలతో గుర్తులు పెట్టుకున్నాను. ఛాతీ వంపు మీద కూడా ఒదిగిపోతుంది, స్కేలుతో ఆ పని కాదు.

చక్రం విషయంలో రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. పల్లవుల కాలపు పద్ధతిలో చక్రం అంచు మనవైపు తిరిగి ఉంటుంది, ఇప్పుడే వదలబోతున్నట్టు. తర్వాతి కాలాల్లో పళ్లెంలా ఎదురుగా తిరిగి, చుట్టూ జ్వాలలు వస్తాయి. నేను పాతదే పెట్టాను, ముందు నుంచి చూస్తే సన్నటి గీతలా ఉంటుంది కానీ పక్కకి జరగ్గానే చక్రం విచ్చుకుంటుంది, నాకు అదే ఇష్టం.

ఇప్పటికి మైనం బరువు 310 గ్రాములు. మైనం కరిగించి తీసేసిన చోట లోహం నింపుతారు, దక్షిణాదిన బొమ్మ డొల్లగా కాకుండా ఘనంగానే పోస్తారు కాబట్టి కంచు సుమారు 9 రెట్లు, అంటే 2.8 కిలోలు పడుతుంది. ఈ లెక్క కొత్తదేం కాదు. మన పక్కనే ఉన్న బసవకళ్యాణ్, అప్పటి కళ్యాణి, రాజధానిగా ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే తన మానసోల్లాసం అనే గ్రంథంలో మైనం తూచి లోహం తీసుకోమన్నాడు. వెండికి 12 రెట్లు, బంగారానికి 16.

వచ్చే వారం పీఠం. ఉత్సవమూర్తి కదా, ఊరేగింపు కర్రలకి కన్నాలు ఉండాలి, పెన్సిల్ దూరేంత చాలు.